మ్యాప్‌లో చుక్క లేకపోతే అడవిలో జీవి లేనట్టేనా?

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోట, అనుకూలించిన ఏడాది లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో వచ్చినవి దాదాపు 7 లక్షలు. ఇంత పెద్ద సంగతి శాస్త్ర ప్రపంచం రికార్డుల్లోకి ఎక్కింది 1994లో. అదే రాష్ట్రంలోని గహీర్‌మఠా తీరం 1974లోనే ఎక్కింది, దేవీ నది ముఖద్వారం 1981లో ఎక్కింది. ఋషికుల్యాకు మాత్రం ఇంకో పదమూడేళ్లు పట్టింది. అక్కడ మనుషులు లేరా అంటే, ఉన్నారు. పొడంపేట, గోఖరకుదా, పురుణాబంధ వైపు ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు జాలర్లు తరతరాలుగా వలలేస్తున్నారు. ఏ నెలలో తాబేలు కనపడుతుందో, ఏ గాలికి ఒడ్డెక్కుతుందో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాళ్లు చూసింది కాగితం మీదికి రాలేదు, అంతే.

ఒడిశా సరిహద్దు జిల్లాల విషయంలో నేను వాదించేది ఇదే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి జిల్లాల్లో జీవ సంపదకు కొరత లేదు, రాతపూర్వకమైన రికార్డుకే కొరత. ఈ కొరత వల్ల జరిగే నష్టం పరిశోధకులకు మాత్రమే పరిమితమైంది కాదు. గనులకు కొండలు పోతున్నాయి.

నేపథ్యం చాలామందికి తెలిసిందే కాబట్టి రెండు మాటల్లో చెప్తాను. ప్రపంచంలో ఏ జీవి ఎక్కడ, ఏ తేదీన, ఎవరికి కనిపించిందో ఆ వివరాలన్నీ ఒకచోట పెట్టి, ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగేలా 2001లో మొదలైంది గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ. అందరూ జీబిఫ్ అంటారు, కార్యాలయం డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో. మొదటి 100 కోట్ల రికార్డులు చేరడానికి 2018 దాకా పట్టింది. 2022కి 200 కోట్లయ్యాయి, ఇప్పుడు 300 కోట్లు దాటాయి. బ్రిటన్‌లోని క్యూ, ఎడిన్‌బరో వంటి హెర్బేరియాల్లో, అంటే ఎండుమొక్కల భాండాగారాల్లో దాచిన నమూనాల దగ్గర్నుంచి, ఈబర్డ్, ఐనాచురలిస్ట్ వంటి వేదికల్లో మామూలు జనం ఫోన్లో ఎక్కించిన వివరాల దాకా అన్నీ అందులోకి చేరుతున్నాయి. ఈ పెరుగుదలకు అసలు కారణం ఆ మామూలు జనమే. మన దేశంలోనే చూడండి. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 పక్షి జాతుల పరిస్థితిని తేల్చింది. దానికి ఆధారం సుమారు 30 వేల మంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు. దసరానాడు మనం వెతుక్కుని మరీ చూసే పాలపిట్ట దేశవ్యాప్తంగా తగ్గిపోతోందని, దాని స్థితిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని ఆ నివేదిక చెప్పగలిగిందంటే, ఆ లెక్క వెనక ఉద్యోగులూ బ్యాంకు గుమాస్తాలూ స్కూలు టీచర్లూ ఉన్నారు.

ఇది గొప్ప విజయం, సందేహం లేదు. అయితే ఒక్కో రికార్డును ఒక్కో చుక్కగా చూపే జీబిఫ్ మ్యాప్‌ని ఒకసారి తూర్పు కనుమల మీదికి జరిపి చూడండి. చిలికా చుట్టూ చుక్కలు చిక్కగా కనిపిస్తాయి. భువనేశ్వర్ చుట్టూ, హైవేల పక్కన కూడా అంతే. రాయగడ దాటి లోపలి కొండల్లోకి వెళ్లేసరికి చుక్కలు పలచబడతాయి. ప్రపంచం మొత్తం మీద ఉన్న రికార్డుల్లో సగానికి పైగా పక్షులవే. ఎక్కువ భాగం ఐరోపా, ఉత్తర అమెరికాలవే. కెమెరా ఉన్నవాడు, కారు దిగి నడవడానికి సెలవు దొరికినవాడు ఎక్కడికి వెళ్తే అక్కడే చుక్క పడుతుంది. మల్కనగిరి కొండల్లోకి ఏళ్ల తరబడి తుపాకుల భయంతో సర్వే చేసేవాళ్లే వెళ్లలేదు. ఆ ఖాళీని చూసి అక్కడ ఏమీ లేదనుకుంటే ఎలా?

ఏమీ లేదనుకున్న చోట ఏం బయటపడిందో చెప్తాను. బ్రిటిష్ సైనికాధికారి బెడ్డోమ్ 1870లలో జయపురం కొండల్లో ఒక నేలబల్లిని పట్టుకుని, జయపురం పేరు మీదే దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. ఆ తరవాత 130 ఏళ్లకు పైగా అది ఎవరికీ దొరకలేదు. అంతరించిందేమో అనుకున్నారు. చివరికి ఒడిశా–ఆంధ్ర కొండల్లోనే మళ్లీ కనబడింది. 2013లో ఇంకో వార్త. కాళ్లు లేకుండా, పెద్ద వానపాములా మట్టిలో బతికే ఉభయచరం సిసిలియన్. వీటిలో గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్ అనే కొత్త జాతిని ఇదే తూర్పు కనుమల్లో గుర్తించారు. తడిసిన మట్టిని తవ్వి, రాళ్లు ఎత్తి చూస్తే తప్ప కనపడని ప్రాణి అది. 2022లో మహేంద్రగిరిని ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది, 2024లో గుప్తేశ్వర్ అడవికి కూడా ఆ గుర్తింపు దక్కింది. అంటే సంపద ఉందని ప్రభుత్వానికీ తెలుసు.

పాత రికార్డుల సంగతి ఇంకో తలనొప్పి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది; జయపురం, కోరాపుట్ అదే ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. అప్పటి వృక్షశాస్త్రజ్ఞులు నమూనాకు అంటించిన చీటీ మీద అలాగే రాస్తారు కదా. ఇవాళ దాన్ని డిజిటల్ చేసేవాడికి ఈ చరిత్ర తెలియకపోతే, కోరాపుట్ కొండ మీద కోసిన మొక్క విశాఖ బీచ్ పక్కన చుక్కయి కూర్చుంటుంది. ఏ కొండ అప్పట్లో ఏ తాలూకాలో ఉండేదో చెప్పగలిగే పెద్దలు పర్లాకిమిడిలో, గుణుపురంలో ఇంకా ఉన్నారు. వాళ్లని అడిగేవాళ్లు కావాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక గనికో ఫ్యాక్టరీకో అనుమతి కావాలంటే పర్యావరణ ప్రభావ అధ్యయనం చేయించాలి. చేయించేది ప్రాజెక్టు పెట్టే కంపెనీయే, డబ్బిచ్చేదీ కంపెనీయే. సాధారణంగా వానాకాలం కాని ఒక సీజన్‌లో, మూడు నెలలు సేకరించిన వివరాలు చాలంటారు. కొంచెం ఆగి ఆలోచించండి. కప్పలు అరిచేది వానల్లో. నేల ఆర్కిడ్లు తలెత్తేది వానల్లో. పుట్టగొడుగులు, సీతాకోకచిలుకలు, ఇందాక చెప్పిన సిసిలియన్, అన్నింటికీ తొలకరి పడాలి. మార్చి నుంచి మే దాకా ఎండిపోయిన కొండ మీద తిరిగి, 'అరుదైన జాతులేవీ కనిపించలేదు' అని రాస్తే అది అబద్ధం కాకపోవచ్చు. అయినా దాని ఆధారంగా కొండ ఇచ్చేయడం అన్యాయం. ఆ వాక్యాన్ని ఎదుర్కోవాలంటే ఎదుటివాళ్ల చేతిలో ఏముండాలి? ఫలానా జూలైలో, ఫలానా వాగు పక్కన, ఈ జీవి కనిపించింది, ఇదిగో ఫోటో, ఇదిగో అక్షాంశ రేఖాంశాలు, ఇదిగో తీసినవాళ్ల పేరు అని చూపించే ఓపెన్ రికార్డు ఉండాలి. జీబిఫ్ నుంచి డేటా తీసుకుంటే దానికొక శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది. ఏ సమితి ముందైనా, ఏ కోర్టులోనైనా దాన్ని చూపొచ్చు, ఎవరైనా సరిచూసుకోవచ్చు. కన్సల్టెన్సీ కంపెనీ పీడీఎఫ్‌కి ఆ గుణం లేదు.

డేటా బాహాటంగా పెడితే వేటగాళ్లకు దారి చూపినట్టేనని, మందుమొక్కల రహస్యం విదేశీ కంపెనీల చేతికి పోతుందని భయపడేవాళ్లున్నారు. భయం అర్థం లేనిదేమీ కాదు. కానీ ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన చోటు దాచే ఏర్పాటు ఐనాచురలిస్ట్, ఈబర్డ్ రెండింటిలోనూ ఉంది. ఇక చౌర్యం సంగతంటారా, పసుపు పేటెంట్ గుర్తు తెచ్చుకోండి. 1995లో అమెరికాలో గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంట్ ఇచ్చేశారు. 1997లో అది రద్దయింది. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్ ఏం చూపించి రద్దు చేయించింది? మన దగ్గర ఇది ఎప్పట్నుంచో ఉందని రుజువు చేసే ముద్రిత గ్రంథాలు, వ్యాసాలు. రాసి ఉన్నదే మనల్ని కాపాడింది.

అందుకే నా ప్రతిపాదన స్పష్టం. 'ఏ జీవి ఎక్కడ, ఎప్పుడు' అనేది అందరికీ తెరవాలి. 'దేన్ని దేనికి వాడతారు' అనేది గ్రామసభ చేతిలో ఉండాలి, వాళ్ల అనుమతి లేకుండా గడప దాటకూడదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసి మొత్తానికి తాళం వేయడం వల్లే మన దగ్గర పని సాగట్లేదు.

తాళం అన్నది ఊరికే అనడం లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, దాని దగ్గర ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, ఆ తరవాత రాష్ట్రాలకు నెలకు 10 లక్షల రూపాయల జరిమానా అనేసరికి దేశమంతా పరుగులు పెట్టింది. వేలల్లో ఉన్న రిజిస్టర్లు కొద్దికాలంలోనే రెండు లక్షలు దాటాయి. మా సరిహద్దులో ఒక పంచాయతీలో నేను తిరగేసిన రిజిస్టర్‌లో చెట్ల జాబితా మామిడి, పనస, వేప, చింత అని మొదలై అక్కడే ఆగింది. పక్షుల పేజీలో కాకి, పిచ్చుక, చిలక. తేదీ గడి ఖాళీ, చోటు గడి ఖాళీ. ఊరి వెనకే అడవి ఉంది, వంశధార పాయ ఉంది. చెప్పిన మనిషి పేరు రాయాల్సిన గడిలో అన్ని పేజీల్లోనూ ఒకే చేతిరాతతో ఒకే సంతకం. సవర ముసలమ్మను కూర్చోబెట్టి అడిగి ఉంటే ఒక్క దుంపల గురించే పేజీలు నిండేవి. అది కాపీ కొట్టిన హోంవర్కు. బీరువాలో ఉంది కాబట్టి తప్పులు కూడా ఎవరికీ కనపడవు. బయట పెట్టి ఉంటే పక్క ఊరి స్కూలు పిల్లలే సరిదిద్దేవాళ్లు.

కేంద్రం 2024 జూన్ 30న మన దేశ జంతుజాలం జాబితా మొత్తాన్ని ఆన్‌లైన్‌లో పెట్టింది. 1,04,561 జాతులు. మంచి పని, మెచ్చుకోవాలి. కానీ పేర్ల జాబితా వేరు, చోటూ తేదీ ఉన్న రికార్డు వేరు. గనికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నప్పుడు పనికొచ్చేది రెండోదే. కొలంబియాను చూడండి. అక్కడ ప్రాజెక్టుల పర్యావరణ అధ్యయనాల కోసం సేకరించిన జీవుల వివరాలను జాతీయ జీవవైవిధ్య సమాచార వ్యవస్థకు ఇవ్వాలని నిబంధన పెట్టారు. అక్కడి నుంచి ఆ రికార్డులు జీబిఫ్‌లోకి చేరుతున్నాయి. కంపెనీ ఖర్చుతో పుట్టిన డేటా ప్రజల ఆస్తి అవుతోంది. మన దగ్గర అదే డేటా వందల పేజీల నివేదికకు అనుబంధంగా, స్కాన్ చేసిన బొమ్మగా మిగిలిపోతోంది. ఈ ఒక్క నిబంధన తెస్తే చాలు, సరిహద్దు జిల్లాల మ్యాప్ కొన్నేళ్లలో నిండుతుంది. ఎవరు ఏ కొండ మీద ఎన్ని రోజులు తిరిగి ఏం రాశారో కూడా బయటపడుతుంది. అందుకే దీన్ని వద్దనేవాళ్లు ఎవరై ఉంటారో ఊహించడం కష్టం కాదు.

నియమగిరి మనందరికీ గర్వకారణం. 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలితే, 12కి 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. ఆ కొండల్లో బతికే ఆదివాసులు డోంగ్రియా కోంధ్‌లను గెలిపించింది వాళ్ల దేవుడి మీద నమ్మకం, అటవీ హక్కుల చట్టం. ప్రతి కొండకూ అలాంటి తీర్పు వస్తుందని కూర్చోలేం. మాలి పర్వతం, సిజిమాలి కొండల్లోని బాక్సైట్ మీద గొడవలు నడుస్తూనే ఉన్నాయి. ప్రజాభిప్రాయ సేకరణ సభలో లేచి 'ఇక్కడ జీవులున్నాయి సార్' అంటే మినిట్స్ పుస్తకంలో ఒక్క లైను రాసుకుంటారు. రుజువులు టేబుల్ మీద పెడితే జవాబు చెప్పక తప్పదు.

ఆ సభలో కూడా భాష అడ్డం వస్తుంది. నివేదిక ఇంగ్లీషులో, సారాంశం ఒడియాలో. గజపతి జిల్లాలో ఆంధ్ర సరిహద్దు పక్క ఊళ్లలో తెలుగు తప్ప రానివాళ్లున్నారు, సవర తప్ప రానివాళ్లున్నారు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా కొత్త నిబంధనల ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న చెప్పింది. కేంద్రం దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లింది. తన ఇల్లు ఉంటుందో పోతుందో నిర్ణయించే కాగితం తన భాషలో ఇమ్మంటే అది భారం ఎలా అవుతుంది? పైగా సవర, కుయి భాషలు ఆ 22లో లేనే లేవు. ఎక్కువ తెలిసినవాళ్ల మాటలే రికార్డుకు ఎక్కకుండా ఏర్పాటు చేసుకున్నాం.

ఐనాచురలిస్ట్‌లో ఒక జీవికి ఏ భాషలోనైనా స్థానిక పేరు చేర్చవచ్చు. శాస్త్రీయ నామం తెలియకపోయినా పర్వాలేదు, ఫోటో పెడితే గుర్తుపట్టేవాళ్లు గుర్తుపడతారు. బరంపురం విశ్వవిద్యాలయం, పర్లాకిమిడిలో 1896 నాటి కాలేజీ, కోరాపుట్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, అందులో ప్రత్యేకంగా జీవవైవిధ్య విభాగం, ఇన్ని ఉన్నాయి. డిగ్రీ విద్యార్థుల ప్రాజెక్టు అంటే నెట్‌లోంచి దించి స్పైరల్ బైండింగ్ చేయించడం మానిపించి, సొంత ఊరి చుట్టూ జూలై నుంచి సెప్టెంబరు దాకా చూసినవన్నీ తెలుగు, ఒడియా, సవర, కుయి పేర్లతో సహా ఎక్కించడం ప్రాజెక్టుగా పెట్టండి. పంచాయతీ బీరువాల్లోని రిజిస్టర్లలో మందుల పేజీలు పక్కన పెట్టి, మిగతా పేజీలను జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టమని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి కలెక్టర్లను అడుగుతున్నాను. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. వచ్చే తొలకరికి మొదలుపెడితే ఆ తరవాత జరిగే మొదటి ప్రజాభిప్రాయ సేకరణకే కొంత ఆధారం చేతికొస్తుంది.