వంటింటి మానిక్యూర్ సందేశం: ఒక్కొక్క మాటకు జవాబు

సెలూన్ అవసరమే లేకుండా, వంటింట్లో దొరికే నాలుగైదు వస్తువులతో అంతకు మించిన మానిక్యూర్ చేసుకోవచ్చంటూ ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. మాటల్లో చిన్న చిన్న తేడాలున్నా దాని సారం ఇది. చేతులను 15 నిమిషాలు గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టాలి. మెత్తబడిన క్యూటికల్‌ను, అంటే గోరు మొదట్లో ఉండే పలుచని చర్మపు పొరను, కత్తిరించాలి. నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దితే పసుపు మరకలు పోతాయి. గోళ్లమీద తెల్లమచ్చలుంటే కాల్షియం తక్కువైనట్టు. రంగు వేశాక ఐసునీటిలో ముంచితే 3 నిమిషాల్లో ఆరిపోతుంది. జెల్ పాలిష్ మెరుపు కావాలంటే సూపర్‌గ్లూ పూసి దానిమీద వంటసోడా చల్లాలి, లేదా చవకగా దొరికే జెల్ కిట్ కొనుక్కోవాలి. చివరగా, మధ్యమధ్య గోళ్లను ఊపిరి పీల్చుకోనివ్వాలి.

ఇంట్లో చేసుకోవడం విషయంలో నాకు పేచీ లేదు. చాలా ఏళ్లుగా నా గోళ్ల సంగతి నేనే చూసుకుంటున్నాను, అందుకు గోళ్లను అరగదీసే ఒక గాజు ఫైల్, రంగు కింద వేసే ఒక బేస్ కోటు, రంగుమీద వేసే ఒక టాప్ కోటు, నచ్చిన రంగు, రిమూవర్, కాస్త పెట్రోలియం జెల్లీ తప్ప మరేమీ అవసరం పడలేదు. నా అభ్యంతరమల్లా ఈ సందేశం సెలూన్ హంగునంతా ఇంటికి మోసుకొచ్చి, గోటికి నిజంగా మేలు చేసే పనులను మాత్రం అక్కడే వదిలేసి రావడం గురించి.

ముందుగా నానబెట్టడం సంగతి చూద్దాం. గోరు కెరాటిన్ అనే ప్రొటీన్ పొరలు ఒకదానిపై ఒకటి అతుక్కుని ఏర్పడిన పలక, దాని మందం సుమారు అర మిల్లీమీటరు. చూడటానికి గట్టిగా ఉన్నా అది చర్మం కంటే చాలా వేగంగా నీటిని లోనికి రానిస్తుంది. కావలసినంతసేపు నానిన చేతిని బయటికి తీసి గోటి కొసను బొటనవేలితో నొక్కి చూడండి; పొద్దున్న టకటకలాడిన అంచు ఇప్పుడు తడిసిన అట్టముక్కలా వంగుతుంది. నీరు తాగిన గోరు ఉబ్బి, దాని వంపు కొంత విచ్చుకుంటుంది. ఆ స్థితిలో రంగు వేస్తే, తరువాత గోరు ఆరి మళ్లీ తన ఆకారానికి ముడుచుకుంటుంది గాని పైనున్న రంగు పొర దానితోపాటు అంతగా ముడుచుకోలేదు. అందుకే ఎంతో శ్రద్ధగా వేసుకున్న పాలిష్ మర్నాటికే కొసల దగ్గర పెచ్చులూడుతుంది, మనమేమో సీసాను తిట్టుకుంటాం. కొన్ని సెలూన్లు ఇప్పటికే నీళ్లు లేని మానిక్యూర్‌కు మారాయి. ఇంట్లో చేసుకునేవారికి అంతకంటే సులువైన పొదుపు ఇంకేముంటుంది? గోళ్లను పొడిగా ఉన్నప్పుడే ఫైల్‌తో నునుపు చేసుకుని, రంగు వేసే ముందు రిమూవర్‌లో ముంచిన దూదితో ఒకసారి తుడిచి జిడ్డు తీసేస్తే చాలు. అంట్లు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకోమనే సలహా వెనుక కారణమూ ఇదే: పదేపదే తడిసి ఆరడం వల్లే గోటి కొసలు పొరలు పొరలుగా లేస్తాయి.

క్యూటికల్ కత్తిరించమనడం ఈ సందేశం పుట్టించిన తప్పు కాదు, సెలూన్ నుంచి అరువు తెచ్చుకున్నది. ఆ పొర అందానికి అడ్డుగా కనిపించినా అది చేసే పని పెద్దది: గోటి పలకకూ దాన్ని చుట్టుకున్న చర్మానికీ మధ్యనున్న సందును అది మూసి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే నీరు, సూక్ష్మజీవులు నేరుగా లోపలికి దారి చేసుకుంటాయి. ఆ తరువాత వచ్చే ఎరుపు, వాపు, చీము, రాత్రంతా లబలబలాడించే సలుపు కలిసి మనకు బాగా తెలిసిన గోరుచుట్టు అవుతుంది. నానిన చర్మం తెల్లబడి ఉబ్బినప్పుడు ఎంతవరకు చచ్చిన పొర, ఎక్కడినుంచి బతికున్న చర్మం అనేది కంటికి ఆనదు కాబట్టి, ఈ రెండు సలహాలూ కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. స్నానం చేశాక తువాలు అంచుతో ఆ పొరను మెల్లగా వెనక్కి జరిపి, రాత్రి పడుకునే ముందు కాస్త పెట్రోలియం జెల్లీ రాసుకుంటే అది ఎండి చీలకుండా ఉంటుంది. లేచిన చర్మపు పోగు ఉంటే దాన్ని లాగకుండా, లేచినంత మేరకే శుభ్రమైన కత్తెరతో తీసేయడం వరకు ఫరవాలేదు.

నిమ్మరసం, వంటసోడా కలిపినప్పుడు బుసబుస పొంగే నురగను చూసి మరక వదిలిపోతోందని నమ్మడం సహజమే. కాని ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి హరించుకుంటున్నాయనడానికి, కార్బన్ డయాక్సైడ్ పైకి పోతోందనడానికి అది గుర్తు; పొంగు ఆగాక గిన్నెలో మిగిలేది ఉప్పులాంటి నీరు, కరగకుండా మిగిలిన సోడా రజను. ఆ రజనుతో రుద్దితే గోటి పైపొర గీసుకుపోయి కాస్త తెల్లగా కనబడవచ్చు, అంతే. నిమ్మరసం ఒక్కటే రాసుకుని ఎండలోకి వెళ్తే మరో చిక్కు ఉంది: నిమ్మజాతి పండ్లలోని కొన్ని పదార్థాలు సూర్యకాంతితో కలిసి చర్మంపై బొబ్బలు, నెలల తరబడి పోని నల్లమచ్చలు తెస్తాయి. అసలు ఆ పసుపు రంగు చాలావరకు ముదురు పాలిష్‌ను బేస్ కోటు లేకుండా వేసినందువల్ల కెరాటిన్‌లోకి ఇంకినది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక, మొదలు నుంచి కొస వరకు పూర్తిగా కొత్త గోరు రావడానికి దాదాపు 6 నెలలు పడుతుంది. మరకా ఆ గోటితోపాటే ముందుకు జరిగి కత్తిరింపుల్లో పోతుంది. రంగే వేయని గోరు పసుపు తిరిగి, మందమెక్కి, కిందినుంచి లేస్తుంటే మాత్రం అది ఫంగస్ కావచ్చు. దాన్ని చర్మవైద్యులకు చూపించాలి.

తెల్లమచ్చల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. గోటిలో కాల్షియం ఉండేదే అత్యల్పం, దాని గట్టితనం కెరాటిన్‌లోని గంధకపు బంధాల వల్ల వస్తుంది. అక్కడక్కడ కనిపించే చుక్కలు చాలావరకు కొన్ని వారాల కిందట గోటి మొదలుకు తగిలిన చిన్న దెబ్బకు గుర్తులు.

ఐసునీటి చిట్కాను నేనూ నమ్మి చేసి చూశాను. 3 నిమిషాల తరువాత వేళ్లు జివ్వుమన్నాయి, రంగు తాకితే గట్టిగానే తోచింది, సంతోషంగా పడుకున్నాను; తెల్లవారి చూస్తే రెండు గోళ్లమీద దుప్పటి నేత అడ్డమూ నిలువుగా అచ్చుపడి ఉంది. పాలిష్ ఆరడమంటే అందులోని ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రావకాలు ఆవిరైపోవడం. చల్లదనం ఆ ఆవిరిని వేగిరపరచదు సరికదా, నెమ్మదింపజేస్తుంది. పైపొర మాత్రం చలికి బిగుసుకుని ఆరినట్టు నటిస్తుంది. ఒక మందపాటి పూతకు బదులు రెండు పలుచని పూతలు వేసి, మధ్యలో కొద్ది నిమిషాలు ఆగి, ప్రతి పూతనూ గోటి కొస అంచు మీదికి కూడా ఒకసారి తిప్పితే రంగు త్వరగా ఆరడమే కాక ఎక్కువ రోజులు నిలుస్తుంది. పూర్తిగా గట్టిపడటానికి గంటలు పడుతుంది కాబట్టి పడుకునే ముందు రంగు వేసుకోకపోవడం మేలు.

ఇక సూపర్‌గ్లూ, వంటసోడా. ఈ సందేశంలో నన్ను నిజంగా కలవరపెట్టిన వాక్యం ఇదే. కృత్రిమ గోళ్ల జిగురులోనూ, సెలూన్లలో గోటికి జిగురు పూసి రంగుపొడిలో ముంచే డిప్ పౌడర్ పద్ధతిలోనూ సయనోఅక్రిలేట్ అనే అదే కుటుంబపు పదార్థం ఉంటుందన్న మాట నిజం; సందేశం రాసినవారు పట్టుకున్న కొస అదే. వదిలేసినది ఏమిటంటే, ఆ జిగురు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, సోడా తగిలితే ఆ గట్టిపడటం క్షణంలో జరిగిపోయి వేడి అంతా ఒక్కసారే బయటపడుతుంది. దూది తగిలితే మరీ ప్రమాదం. ఒలికిన జిగురును దూదితో తుడవబోతే ఆ దూది వేడెక్కి పొగలు చిమ్ముతూ వేలికి అంటుకుపోయి చర్మాన్ని కాల్చవచ్చు. గోళ్లకు రంగు వేసుకునే బల్లమీద ఎప్పుడూ ఉండేది దూదే కదా.

జెల్ కిట్ల విషయంలో నష్టం ఇంత వెంటనే కనబడదు. జెల్ పాలిష్ ఆరేది కాదు, కిట్‌తో వచ్చే దీపపు అతినీలలోహిత కాంతిలో అందులోని అక్రిలేట్లు అనే రసాయనాలు గొలుసుకట్టుగా కలిసి గట్టిపడేది. దీపపు తరంగదైర్ఘ్యం ఆ జెల్‌కు సరిపోకపోయినా, పూత మందమైనా, పైన అద్దంలా మెరుస్తూనే అడుగున సగం పచ్చిగా మిగిలిపోతుంది. ఆ పచ్చి జెల్ చర్మానికి పదేపదే తగిలితే వేళ్లకు దురద, పగుళ్లు, గోరు అడుగునుంచి లేవడం వంటి అలర్జీ లక్షణాలు మొదలవుతాయి, ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. దంతవైద్యులు వాడే పూరకాల్లో, కీలు మార్పిడిలో వాడే ఎముక సిమెంటులో, ఒంటికి అతికించే కొన్ని గ్లూకోజ్ సెన్సర్ల జిగురులో కూడా అక్రిలేట్లు ఉంటాయి కాబట్టి దీన్ని గోళ్లకే పరిమితమైన ఇబ్బందిగా చూడలేం. బ్రిటన్ చర్మవైద్యుల సంఘం 2018లో ఇంటి కిట్లను ప్రస్తావించి మరీ ఈ అలర్జీ గురించి హెచ్చరించింది; ఆ తరువాత యూరోపియన్ యూనియన్ హెమా అనే అక్రిలేట్ ఉన్న గోళ్ల ఉత్పత్తులను వృత్తినిపుణుల వాడకానికే పరిమితం చేసింది. ఇంట్లో చేయడం సులువు, సెలూన్‌లో ఖరీదు అని మనం అనుకునే పనుల్లో సెలూన్‌కే వదిలేయదగినది ఏదైనా ఉంటే అది ఇదేనని నా అభిప్రాయం. ఆ మెరుపు మీద అంత మోజుంటే, దీపం అవసరం లేని జెల్ తరహా టాప్ కోట్లు మామూలు పాలిష్ వరుసలోనే దొరుకుతాయి.

గోళ్లు ఊపిరి పీల్చవు. పలక నిర్జీవమైనది; దాన్ని పుట్టించే మొదలుకు ప్రాణవాయువు రక్తంనుంచే అందుతుంది. అయినా మధ్యమధ్య రంగుకు విరామం ఇవ్వడం వల్ల కొంత లాభం లేకపోలేదు, కాకపోతే అది గాలివల్ల కాదు: అసిటోన్ ఉన్న రిమూవర్ గోటి నూనెను, తేమను లాగేస్తుంది, విరామంలో దాని వాడకం తగ్గుతుంది. ఒక మూల పెచ్చు లేవగానే అంతా తుడిచి మళ్లీ వేయకుండా ఆ మూలనే రంగుతో సరిదిద్ది పైన ఒక టాప్ కోటు పూస్తే రిమూవర్ సీసా ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. ఊడుతున్న రంగును గోటితో గీకి లాగే అలవాటున్నవారు మాత్రం రిమూవర్‌కే రావడం మంచిది, ఎందుకంటే ఆ లాగుడులో రంగుతోపాటు గోటి పైపొర కూడా లేచి వస్తుంది.