పిండదశ జన్యువులు, తల-మెడ క్యాన్సర్: అసలు సంబంధం ఏమిటి?

తల, మెడ క్యాన్సర్లలో పిండదశ జన్యువుల (కడుపులో శిశువు రూపుదిద్దుకునేటప్పుడు పనిచేసే జన్యువులు) పాత్ర ఉందనగానే చాలామందికి వచ్చే మొదటి సందేహం, ఇది పుట్టుకతో వచ్చిన లోపమా అని. రేపు పిల్లలకూ వస్తుందేమోనన్న టెన్షన్ దాని వెంటే మొదలవుతుంది. ఈ భయాన్ని ముందు తీసేయాలి. ఈ కణితుల్లో కనిపించే జన్యు మార్పుల్లో ఎక్కువ భాగం పెద్దయ్యాక, ఆ కణాల్లోనే వచ్చినవి. పొగాకు, మద్యం, హెచ్‌పీవీ వైరస్ ముఖ్య కారణాలు. తల్లి కడుపులో జరిగిన పొరపాటు కాదిది.

మరి పిండదశ మాట ఎందుకొచ్చింది? గర్భం దాల్చిన నాలుగో వారం ప్రాంతంలో, మెదడుగా మారబోయే భాగం అంచుల నుంచి న్యూరల్ క్రెస్ట్ కణాలు బయలుదేరతాయి. పక్క కణాలతో ఉన్న పట్టు వదిలించుకుని పాకుతూ వెళ్లి దవడలు, ముఖంలోని ఎముకలు అవుతాయి. ఆ పట్టు వదిలించేవి స్నెయిల్, స్లగ్, ట్విస్ట్1 లాంటి జన్యువులు. పుట్టుకతోనే ట్విస్ట్1 దెబ్బతిన్న పిల్లల్లో పుర్రె అతుకులు ముందే మూసుకుపోతాయి. అంత అవసరమైన జన్యువు అది. అదే పెద్దయ్యాక కణితిలో మళ్లీ పని మొదలుపెడితే, క్యాన్సర్ కణం ఉన్నచోటు వదిలి కదలడం నేర్చుకుంటుంది.

ఇక్కడిదాకా వింటే, ఈ జన్యువులను ఆపేసే మందు కనిపెడితే చాలు కదా అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. దానికి కారణం నాచ్1.

కణం పరిణతి చెందాలా, ఇంకా విభజన చెందాలా అని తేల్చే పిండదశ జన్యువు నాచ్1. టీ-కణ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఇది ఆగకుండా పనిచేస్తూ క్యాన్సర్‌ను పెంచుతుంది. 2011లో రెండు పరిశోధక బృందాలు తల-మెడ కణితులను చూస్తే సుమారు 15 శాతంలో ఈ జన్యువు మార్పులకు లోనైంది. ఆ మార్పుల్లో చాలావాటి ఫలితం జన్యువు పని ఆగిపోవడమే. అంటే నోటి పొరలో ఇది కాపలాదారు. కాపలా పోయాకే ముప్పు. అల్జీమర్స్ కోసం పరీక్షించిన సెమగసెస్టాట్ మందు నాచ్‌ను కూడా అడ్డుకునేది. రోగుల పరిస్థితి మెరుగుపడకపోగా చర్మ క్యాన్సర్ ముప్పు పెరగడంతో 2010లో ఆ ట్రయల్స్ ఆపేశారు. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అని ముద్ర వేసి మందు తయారుచేస్తే ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది మందుల కంటే రోగ నిర్ధారణ. 2017లో నోటి కణితుల్లోని కణాలను ఒక్కొక్కటిగా విడదీసి, వాటిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివిన అధ్యయనం ఒకటి వచ్చింది. కణితి అంచున ఉన్న కొన్ని కణాలు సగం మాత్రమే మారాయని, పూర్తిగా పట్టు వదలకుండానే కదిలే గుణం తెచ్చుకున్నాయని తేలింది. వాటిలో స్లగ్ పనిచేస్తోంది. ఈ లక్షణం బలంగా ఉన్న కణితులు మెడలోని లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం ఎక్కువగా కనిపించింది.

మెడలో చేతికి గడ్డ తగలదు, స్కాన్‌లోనూ ఏమీ ఉండదు. అయినా మెడ కోసి గ్రంథులు తీసేయాలా, వద్దా? నోటి క్యాన్సర్ సర్జన్లు తరచూ తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. అనవసరంగా కోస్తే భుజం సరిగా లేవకపోవచ్చు, నొప్పి మిగలొచ్చు, కోయకుండా వదిలేస్తే క్యాన్సర్ తిరగబెట్టొచ్చు. కణితి అంచు నుంచి తీసిన చిన్న ముక్కలోని జన్యువులు ఆ నిర్ణయానికి దారి చూపే పరీక్షగా మారాలంటే, పెద్ద సంఖ్యలో రోగులపై దాన్ని నిగ్గు తేల్చాలి. పరిశోధన డబ్బు ముందు అక్కడికి వెళ్లాలి.