140 సెంటీమీటర్ల పెద్దమనిషి

"మీకు మరింత మెరుగైన అనుభవం అందించాలనే ఉద్దేశంతో పార్కు వేళలు సవరించబడినవి" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సవరించబడినవి అంటే ఏమిటో మీకు తెలుసు, నాకూ తెలుసు, ఆ మెసేజ్ టైపు చేసిన కుర్రాడికి ఇంకా బాగా తెలుసు. మొన్నటిదాకా సాయంత్రం 7 వరకు ఉండే అమ్యూజ్‌మెంట్ పార్కు ఇకపై 6కే మూత. టికెట్టు ధర మాత్రం సవరించబడలేదు. పాపం దానికి ఈమధ్యే ఒక సవరణ జరిగింది, ఇంకా కోలుకోలేదు.

పార్కు పేరు చెప్పను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దిగి కాస్త లోపలికి వెళ్తే వస్తుంది, పిల్లల పోరు పడలేక ఏడాది పాస్ తీసుకున్నాం కాబట్టి తరచూ వెళ్తుంటాం, అంతవరకే. మీకు దగ్గర్లో ఉన్న పార్కు పేరు పెట్టుకుని చదువుకున్నా పెద్ద తేడా రాదు.

11 నుంచి 6 అంటే 7 గంటలు కదా, బోలెడు టైమ్ కదా అనుకునేవాళ్లు పార్కుకి కొత్త. 11కి తెరుచుకునేది గేటు, రైడ్లు కాదు. గేటు దాటాక బ్యాగుల తనిఖీ, తర్వాత లాకరు క్యూ, తర్వాత నైలాన్ బట్టల అద్దె కౌంటరు (మనం ఇంటి నుంచి తెచ్చుకున్న నైలాన్ వాళ్ల నైలాన్‌తో సమానం కాదని అక్కడ తేలుతుంది). నీళ్ల రైడ్లు 12కి మొదలై 5కి ఆగిపోతాయి. మిగతావి 6 దాకా ఉంటాయన్న మాట నిజమే గానీ, 5:20కే ఒక అబ్బాయి వచ్చి క్యూ చివర తాడు కట్టేస్తాడు. 6 అనేది పార్కు మూసే టైమ్ సార్, క్యూ మూసే టైమ్ కాదు అంటాడు. ఈ రెండు టైముల మధ్య ఉన్న సూక్ష్మమైన తేడాని మనకి వివరించడానికే అతనికి శిక్షణ ఇచ్చారనిపిస్తుంది.

యాజమాన్యం వారు ఎంచుకున్న ముహూర్తాన్ని కూడా గమనించాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయట తిరగొద్దని ప్రభుత్వం ఏటా టీవీల్లో మొత్తుకుంటుంది. వడదెబ్బ తగులుతుంది, ముసలివాళ్లు, పిల్లలు ముఖ్యంగా జాగ్రత్త అని. సరిగ్గా ఆ ముసలివాళ్లని, ఆ పిల్లల్ని, సరిగ్గా ఆ మూడు గంటలూ రేకుల షెడ్డు కింద వరసగా నిలబెట్టి, ఎండ చల్లబడి నాలుగు గాలి తెమ్మెరలు వీచే వేళకి 'దయచేసి నిష్క్రమణ ద్వారం వైపు కదలండి' అని మైకులో చెబుతారు. నాంపల్లి నుమాయిష్ (అదే, ఏటా జరిగే ఎగ్జిబిషన్) వాళ్లకి ఈ తెలివి లేదు. 1938 నుంచి నడుపుతున్నారు, ఇప్పటికీ సాయంత్రం 4కి తెరిచి రాత్రి 10 దాటాక గానీ మూయరు. అదీ చలికాలంలో, జనవరి ఫిబ్రవరిల్లో. ఆఫీసు అయ్యాక, షాపు కట్టేశాక కూడా పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, 40, 50 రూపాయలు పెట్టి లోపలికి పోతే ఎక్కిన జెయింట్ వీల్‌కే డబ్బులిస్తాం, ఎక్కనిదానికి ఇవ్వం. వ్యాపారం అంటే ఏమిటో వాళ్లకి ఎవరైనా నేర్పాలి.

అన్నట్టు 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 దాటకూడదన్న షరతు పెట్టి. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది అదే దారి పట్టింది. పని 10 గంటలు, ఆట 7 గంటలు, ఆ ఏడులో తాడు కట్టగా మిగిలింది నాలుగో అయిదో.

ఇక టికెట్ కౌంటర్ దగ్గరికి వద్దాం. నాకు అన్నింటికంటే ఇష్టమైన రైడ్ అదే, దానికి హైటు లిమిట్ లేదు అనబోయాను గానీ అక్కడున్నదంతా హైటు లిమిటే. గోడ మీద జిరాఫీ బొమ్మ, దాని మెడ పొడవునా అంకెలు. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. వయసుతో పని లేదు. ఓటుకి 18 ఏళ్లు నిండాలి, పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 అని ఒక లెక్క ఉంది, పార్కులో మాత్రం ఆరో తరగతి పిల్లాడు ఒక్క వేసవిలో మేజర్ అయిపోతాడు.

మొన్న మా ముందు నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉంది. తండ్రి, తల్లి, కొడుకు, నాయనమ్మ. క్యూలో ఉండగానే తండ్రి కొడుక్కి కోచింగ్ మొదలుపెట్టాడు. "మెడ లోపలికి గుంజు. మోకాళ్లు జర వంచు, కనవడకుంట." వాడు బుద్ధిమంతుడు, చెప్పినట్టే చేశాడు, కానీ కాళ్లకి కొత్త స్పోర్ట్స్ బూట్లు. 141. కౌంటర్ అబ్బాయి పెద్దల టికెట్టన్నాడు. బూట్లు విప్పిస్తానన్నాడు తండ్రి. "బూట్లతో వచ్చారు కదా సార్, బూట్లతోనే కొలుస్తాం." దానికి తండ్రి ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి తిరిగి నాయనమ్మని చూపించి, "అయితే మా అమ్మను గూడ కొలువు" అన్నాడు.

క్యూ మొత్తం ఫోన్లు జేబుల్లో పెట్టేసింది. నాయనమ్మ గుడి ముందర విప్పినట్టు చెప్పులు పక్కన విడిచి, కొంగు సర్దుకుని, జిరాఫీకి ఆనుకుని నిలబడింది. నడుము వంగిపోయిన మనిషి. 138.

"పిల్లల టికెట్ ఇయ్యి."

వాకీటాకీతో సూపర్‌వైజర్ దిగాడు. సీనియర్ సిటిజన్ డిస్కౌంట్ ఉంది సార్, అది తీసుకోండి అన్నాడు. పిల్లల టికెట్ ఇంకా అగ్గువ కద అన్నాడు తండ్రి. ఆమె పిల్ల కాదు కదా సార్. మరి నా కొడుకు పెద్దోడా? దీని మీద సూపర్‌వైజర్ ఎవరికో ఫోన్ చేశాడు, ఆ ఎవరో ఇంకెవరికో చేసి ఉంటారు. ఈలోపు నాయనమ్మ "నేను పిల్లనా ముసల్దాన్నా ఏదో ఒకటి తేల్చుండ్రి బిడ్డా, కాళ్లు గుంజుతున్నయ్" అంది. పదిహేను నిమిషాల చర్చ తర్వాత తీర్పు వచ్చింది. నాయనమ్మ పెద్దదే, డిస్కౌంటుతో. మనవడూ పెద్దవాడే, డిస్కౌంటు లేకుండా. ఆ కుటుంబంలో అసలు పిల్లలే లేరని తేలింది.

మధ్యాహ్నం రోలర్ కోస్టర్ దగ్గర మళ్లీ వాళ్లే కనిపించారు. ఈసారి తండ్రి కోచింగ్ మారింది. "నిటారుగ నిలవడు. జుట్టు మీదికి అను. ఊపిరి గట్టిగ పీల్చు." ఇక్కడ బూట్లు విప్పి కొలుస్తారు. 139. ఎక్కడానికి 140 ఉండాలి. "కౌంటర్ కాడ పెద్దోడన్నరు కద అన్నా?" "అది టికెట్ హైటు సార్, ఇది సేఫ్టీ హైటు." రిఫండు? లేదు. సేఫ్టీ విషయంలో రాజీపడకూడదు, ఆ కుర్రాడు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. కానీ గేటు దగ్గర కూడా ఆ బూట్లే విప్పించి ఉంటే ఆ తండ్రికి కొన్ని వందలు మిగిలేవి కదా. డబ్బులు కట్టడానికి పెద్దవాడు, రైడ్ ఎక్కడానికి చిన్నవాడు. వాడు మాత్రం ఏడవలేదు, బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయాడు.

ధరలకి కారణం అడిగితే ట్యాక్సులంటారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఈ పార్కుల్ని తీసుకెళ్లి క్యాసినోలు, గుర్రప్పందేల సరసన 28 శాతంలో కూర్చోబెట్టిన మాట నిజం, అప్పుడు అందరం అయ్యో అన్నాం. 2018 జనవరిలో దాన్ని 18కి తగ్గించారు. ఆ తగ్గిన పది శాతం నా దాకా వచ్చిన గుర్తు లేదు. దాని బదులు ఆన్‌లైన్‌లో మన ఫోన్‌తో, మన డేటాతో, మన వేళ్లతో మనమే బుక్ చేసుకున్నందుకు కన్వీనియన్స్ ఫీజు వచ్చింది.

ఇన్నిటి మధ్య ఫాస్ట్‌ట్రాక్ అని ఒకటుంది. మామూలు టికెట్టుకి దాదాపు రెట్టింపు కడితే క్యూ లేకుండా పోవచ్చు. క్యూ పొడవుగా ఉంటే తప్ప అమ్ముడుపోని సరుకు అది, ఆ క్యూ పొడవు ఎవరి చేతిలో ఉందో కాస్త లెక్క వేయండి. ఒక కోస్టర్ ట్రెయిన్‌లో 20 మంది, ఎక్కి తిరిగి దిగడానికి 4 నిమిషాలనుకుంటే గంటకు 300 మంది. రెండో ట్రెయిన్ కూడా తిప్పితే దాదాపు రెట్టింపు. నేను చూసిన ఆదివారం రెండో ట్రెయిన్ పక్కన పట్టా కప్పుకుని నిద్రపోతోంది, బయట మెట్ల కింది దాకా జనం, పక్క లైన్‌లో ఫాస్ట్‌ట్రాక్ బ్యాండు కట్టుకున్నవాళ్లు మనల్ని చూడనట్టు చూస్తూ వెళ్లిపోతున్నారు. తిరుమలలోనూ 300 రూపాయల దర్శనం ఉంది కదా అని ఒకాయన వాదించాడు. ఉంది నాయనా. కానీ అక్కడ సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాడికి ఉచితంగా పాలిస్తారు, అన్నం పెడతారు. ఇక్కడ క్యూలో తిరిగేది కోన్ ఐస్‌క్రీమ్ అమ్మేవాడు.

అమెరికాలో డిస్నీ పార్కులున్న ఒర్లాండో వెళ్లొచ్చిన మా బావగారు మాత్రం ఇదంతా నాగరికత లక్షణం అంటాడు. డిస్నీ వాళ్లు 1999లో ఫాస్ట్‌పాస్ అని క్యూ తప్పించే పాస్ పెట్టి ఇరవై ఏళ్లకు పైగా ఉచితంగానే ఇచ్చారట, 2021లో దాన్ని తీసేసి అదే పనికి డబ్బులు పుచ్చుకోవడం మొదలుపెట్టారు. రోజుని బట్టి రేటు మార్చడం 2016 నుంచే ఉంది. మనం ఎందులోనూ వెనకబడి లేమని ఆయన ఛాతీ విరుచుకుని చెప్పాడు.

రోజుని బట్టి రేటు అంటే ఇక్కడ ఆదివారం రేటు. డిమాండ్ ఎక్కువ కాబట్టి ధర ఎక్కువ, ఇది ఎకనామిక్స్ అని చెబుతారు. ఆ డిమాండ్ ఎవరిదో చెప్పరు. జీడిమెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఆదివారం తప్ప ఇంకో రోజు లేదు. ప్రైవేటు స్కూలు టీచరుకి లేదు. టైలరుకి లేదు, మేస్త్రీకి లేదు, మంగళవారం పనికి పోకపోతే మంగళవారం కూలి ఉండదు. లాప్‌టాప్ ఇంట్లో పెట్టి బుధవారం సిక్ లీవ్ పెట్టగలిగే నాబోటివాడికి తక్కువ రేటు, వారమంతా ఒళ్లు హూనం చేసుకుని ఒక్కరోజు పిల్లల్ని నవ్విద్దామని వచ్చినవాడికి ఎక్కువ రేటు. ఎక్కువ డబ్బు ఇచ్చినందుకు ఎక్కువ జనం, ఎక్కువ క్యూ, సగం రైడ్లు. నలుగురి టికెట్లకే వాడి వారం సంపాదన పోయి ఉంటుంది, అది చాలదని గేటు దగ్గర వాడి సంచి విప్పిస్తారు. స్టీలు డబ్బాలో పులిహోర, అరటి ఆకు ముక్క కప్పి. పొద్దున 4కి లేచి కలిపి ఉంటుంది ఆ తల్లి. బయటి తిండి అనుమతి లేదు మేడం, ఇక్కడే తినేసి రండి, లేదంటే పడేయండి. ఎండలో గేటు పక్కన చెప్పుల మీద కూర్చుని, ఆకలి లేని పిల్లల నోట్లో పొద్దున 11కి పులిహోర కుక్కుతున్న ఆ మనుషుల్ని చూసి కూడా దీన్ని పాలసీ అని పిలవగలిగినవాళ్లకి సిగ్గుండాలి. సెక్యూరిటీ అబ్బాయిని అనడం లేదు, వాడు తల దించుకునే ఉన్నాడు. ఆ పాలసీ రాసినవాడిని అంటున్నాను.

సుప్రీంకోర్టే చెప్పిందంటారు. 2023 జనవరిలో సినిమా హాళ్ల కేసులో బయటి తిండి ఆపే హక్కు యజమానికి ఉందని కోర్టు చెప్పింది, నిజమే. ఆ తీర్పులోనే మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల ఆహారం తెచ్చుకోనివ్వాలని కూడా ఉంది. మొదటి సగం గేటు మీద బోర్డుగా మారింది. రెండో సగం టాయిలెట్ల వెనక, చెప్పుల స్టాండు దాటాక, గొలుసు కట్టిన గ్లాసుతో ఒక కుళాయి రూపంలో ఉంది, వెతుక్కోగలిగితే.

నా ఏడాది పాస్ సంగతి చెప్పలేదు కదూ. 'అపరిమిత ప్రవేశం' అని ముందువైపు బంగారు అక్షరాల్లో ఉంటుంది, పక్కన చిన్న చుక్క గుర్తు. ఆ చుక్క వెనక్కి తిప్పితే సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు, లాంగ్ వీకెండ్లు, 'యాజమాన్యం ఎప్పటికప్పుడు ప్రకటించే ఇతర రోజులు'. పిల్లలకి బడి ఉన్న ప్రతి రోజూ నా పాస్ చెల్లుతుంది. పోనీ పిల్లల్ని బడి మాన్పించి మంగళవారం వెళ్తే పెద్ద రైడ్లు రెండూ మెయింటెనెన్స్‌లో ఉంటాయి, ఎందుకంటే రిపేరు ఆదివారం చేస్తే వినియోగదారులకి అసౌకర్యం. నేను వినియోగదారుణ్ణి కాననుకుంటాను, నా డబ్బు ఎప్పుడో జనవరిలోనే వచ్చేసింది.

ధర తగ్గించమని అడగను, అంత అత్యాశ లేదు. రేషన్ షాపులో గోడకి స్టాకు బోర్డు ఉంటుంది, ఇవాళ బియ్యం ఎంత, చక్కెర ఉందా లేదా అని. వీళ్లూ టికెట్ కౌంటర్ ముందు ఒక బోర్డు పెట్టి, ఇవాళ ఏ రైడ్లు ఆగిపోయాయి, ఏ క్యూ ఎన్ని నిమిషాలు, తాడు ఎన్నింటికి కడతారు అని పొద్దున్నే రాస్తే చాలు, డబ్బులు కట్టాలో వెనక్కి తిరగాలో మేమే తేల్చుకుంటాం. ఒక చాక్‌పీసు ఖర్చు. అది కూడా బరువనిపిస్తే కన్వీనియన్స్ ఫీజులో కలిపేసుకోండి, దాని మీద జీఎస్టీ ఎలాగూ మేమే కడతాం.