చందా కట్టరు, మిగులు మాత్రం అడుగుతారు

2019 అక్టోబరులో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ఎస్కలేటర్లు ఆపేశారు. బయట ఫౌంటెన్ బంద్. దౌత్యవేత్తలు కూర్చుని కబుర్లతో పాటు బేరాలు కూడా తెముల్చుకునే లాంజ్‌కి సాయంత్రం ఐదింటికే తాళం. నాలుగేళ్లు తిరిగేసరికి జెనీవా వంతు వచ్చింది. కరెంటు, హీటింగ్ ఖర్చు మిగులుతుందని 2023 డిసెంబరు 20న అక్కడి భవనాన్ని మూసేసి, మళ్లీ జనవరిలో గానీ తెరవలేదు.

ఇదంతా చూసి సమితి దుబారా చేస్తోందనుకునేవాళ్లు ఉన్నారు. దుబారా లేదని మేమూ అనం. కానీ ఎస్కలేటర్లు ఆగింది అందుకు కాదు, కడతామన్నవాళ్లు కట్టకపోవడం వల్ల. 2025కి సమితి రెగ్యులర్ బడ్జెట్ సుమారు 372 కోట్ల డాలర్లు, దాన్ని పంచుకోవాల్సింది 193 దేశాలు. అంత పెద్ద మొత్తమేమీ కాదు.

ఎవరి వాటా ఎంతో మూడేళ్లకోసారి లెక్కగడతారు. జాతీయాదాయం ఎంత, అప్పు ఎంత, తలసరి ఆదాయం మరీ తక్కువా అని చూసి శాతం తేలుస్తారు. ఎంత పేద దేశమైనా 0.001 శాతం కట్టాలి. తువాలు లాంటి చిన్న దేశానికి అది ఏడాదికి ముప్పై నలభై వేల డాలర్లు. ఎంత ధనిక దేశమైనా 22 శాతం దాటక్కర్లేదు. ఆ గీత అమెరికా కోసం గీసిందే. అంతకుముందు 25 శాతం ఉండేది, అమెరికా పట్టుబట్టి 2000 చివర్లో తగ్గించుకుంది. దాంతో మరుసటి ఏడాదికి పడ్డ గండిని పూడ్చడానికి సీఎన్ఎన్ పెట్టిన టెడ్ టర్నర్ సొంత జేబులోంచి 3.4 కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఒక దేశం కట్టాల్సింది ఒక వ్యాపారి కట్టాడన్నమాట! చైనా వాటా ఇప్పుడు 20 శాతం. అంటే రెండు దేశాలు కలిసి ఐదింట రెండొంతులకు పైనే.

బిల్లు అందిన 30 రోజుల్లో, అంటే ఫిబ్రవరి నాటికి, మొత్తం కట్టేయాలి. అమెరికా 1980ల నుంచీ, తన ఆర్థిక సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి అప్పుడే కడతానని కూర్చుంది, కొన్నేళ్లు అదీ పూర్తిగా కట్టదు. చైనా కూడా ఈమధ్య ఆలస్యంగానే కడుతోంది. అసలు తిరకాసు ఇక్కడుంది. ఏడాది చివర్లో డబ్బొస్తే దాన్ని ఆ ఏడాదిలో ఖర్చుపెట్టలేరు, ఖర్చుకానిదాన్ని మిగులుగా లెక్కేసి సభ్యదేశాల తర్వాతి చందాలో తగ్గించాలని సమితి నిబంధన చెబుతోంది. ఇంకా విడ్డూరం ఏంటంటే, అసలు రానేరాని డబ్బుకి కూడా ఇదే లెక్క: బడ్జెట్‌లో ఉంది, ఖర్చు కాలేదు, కాబట్టి మిగులు! ఈ నిబంధన మార్చమని సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ పదేపదే అడుగుతూనే ఉన్నారు.

కట్టనివాళ్లను ఏం చేయొచ్చు? చార్టర్ 19వ అధికరణం ప్రకారం బకాయి రెండేళ్ల చందాకి చేరితే జనరల్ అసెంబ్లీలో ఓటు పోతుంది. చిన్న దేశాలకు అది తరచూ పోతుంటుంది కూడా. పెద్ద దేశాల జోలికి వెళ్లబోతే ఏమవుతుందో 1964లోనే తెలిసొచ్చింది. కాంగోకి పంపిన శాంతిసేన ఖర్చు మేం భరించమని సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ మొండికేశాయి, అది అందరూ భరించాల్సిన ఖర్చేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1962లోనే చెప్పినా సరే. ఓటు తీసేసే ధైర్యం ఎవరికీ లేక, అసలు ఓటింగే పెట్టకుండా ఆ సమావేశాలు నడిపించేశారు.

చందాని అలకకి వాడుకోవడం మరో జబ్బు. 2011లో పాలస్తీనాని చేర్చుకున్నందుకు యునెస్కోకి అమెరికా డబ్బు ఆపేసింది, 2018 చివర్లో బయటికెళ్లింది, 2023లో తిరిగొచ్చింది, 2025లో మళ్లీ వెళ్తానంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కథ వేరు. దాని బడ్జెట్‌లో తప్పనిసరి చందాలు ఐదో వంతు కన్నా తక్కువకి పడిపోయాయి, మిగతాదంతా ఇష్టపూర్వక విరాళాలే, వాటిలో ఎక్కువ భాగం ‘ఫలానా పనికే వాడాలి’ అనే షరతుతో వచ్చేవే. చందాల వాటాని సగానికి పెంచుకుందామని 2022లో ఒప్పుకున్నారు, గడువు మాత్రం 2030 దాకా.

స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మే 1985లోనే ఒక మాట అన్నాడు: ఏ ఒక్క దేశం మీదా సమితి మరీ ఆధారపడకుండా, వాటాలు ఇంకాస్త సమంగా పంచుకుందామని. 22 శాతం అనే ఆ పైగీత దిగితే మిగతా దేశాల భారం పెరుగుతుంది, నిజమే. అయినా పెద్దన్న మూడ్ బాగోని రోజల్లా ఎస్కలేటర్లు ఆగిపోవడం కన్నా ఆ బాధే నయమని మా అభిప్రాయం. అది తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. రాని డబ్బుని వాపసు లెక్కేసే నిబంధన సంగతి మాత్రం ఈ ఏడాదే తేల్చొచ్చు. బడ్జెట్ జనరల్ అసెంబ్లీ పని, మూడింట రెండొంతుల ఓట్లు చాలు, అక్కడ ఎవరికీ వీటో లేదు.