భాగస్వామ్య పర్యవేక్షణ గారికి, నాలుగు చింతపిక్కల విషయమై

విశాఖపట్నం.

మహారాజశ్రీ భాగస్వామ్య పర్యవేక్షణ గారి సముఖానికి, ఎంవీపీ కాలనీలో రెండు గదుల అద్దె ఇంట్లో నడుస్తున్న ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ కార్యదర్శి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి కలం ఆపాను. సాయం పుచ్చుకునేవారి చేతనే ఆ సాయానికి మార్కులు వేయించే పద్ధతి తమరు, ఉభయ అన్న మాట మీ ఇంటి సొత్తు. సాయం ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకరికొకరు జవాబు చెప్పుకోవాలని 2005లో పారిస్‌లో ప్రకటన చేసి, దానికి పరస్పర జవాబుదారీతనం అని నామకరణం చేసినప్పటి నుంచీ మీ వైభవానికి లోటు లేదు. 2011లో బూసాన్‌లో జరిగిన సమావేశంలో పౌర సమాజ సంస్థల ప్రతినిధులు కూడా ప్రభుత్వాలతో సమంగా చర్చల బల్ల ముందు కూర్చున్నారని చదివి, మా కాలానికి ఆ బల్ల విశాఖపట్నం దాకా జరుగుతుందని నేను నిజంగానే నమ్మాను. బల్ల వచ్చింది. దాని మీద తెల్లటి గుడ్డ, గుడ్డ మీద మినరల్ వాటర్ సీసాలు, సీసాల పక్కన ఒక వెదురు బుట్టలో, మార్కులుగా వేయడానికి చింతపిక్కలు కూడా వచ్చాయి. తమరి కుశలానికి ఐదింటికి 4.7 మార్కులు పడ్డాయని సోమవారం మెయిల్లో వచ్చిన నివేదిక ద్వారా తెలిసింది. సంతోషం. మా కుశలం ఏమిటో ఆ నివేదికలో లేదు కనుక ఇక్కడ విన్నవించుకుంటున్నాను.

బీచ్ రోడ్డులో, కిటికీ తెరిస్తే సముద్రం కనిపించే హోటల్లో, ప్రొజెక్టరు వెలుగు కోసం కిటికీలన్నిటికీ తెరలు దించేసిన హాల్లో ఎనిమిది సంస్థల వాళ్లను కూర్చోబెట్టారు. ఇన్నేళ్లూ మేము మీ పని చూశాము, ఈ రోజు మా సాయం ఎలా ఉందో మీరు చూసి చెప్పండి, మొహమాటపడకండి అని దాత సంస్థ ప్రోగ్రాం అధికారి లేచి చెప్పారు. చెప్పి, వెళ్లి మొదటి వరుసలో, చార్టులకు మూడడుగుల దూరంలో కూర్చున్నారు. మొహమాటం అక్కడే పుట్టింది, కానీ అది సభ నడిపించే ఫెసిలిటేటర్ గారి కంట పడలేదు.

మా సంస్థ తరఫున పిక్కలు వేయడానికి చింతపల్లి మండలం నుంచి మా మహిళా సంఘం అధ్యక్షురాలు వచ్చింది. లబ్ధిదారుల గొంతు వినిపించాలి, కార్యదర్శులు పక్కన ఉంటే చాలు అని ఆహ్వానంలో రాసినందువల్ల వచ్చింది. తెల్లవారకముందే లంబసింగి మంచులో బస్సెక్కి, నర్సీపట్నంలో మారి, ఇక్కడి బస్టాండు కాంప్లెక్స్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో హోటలుకు చేరేసరికి పరిచయాలు అయిపోయి టీ విరామం నడుస్తోంది. ఆ ఆటోకు రసీదు లేదు కనుక డబ్బులు ఇవ్వలేమని అప్పుడే చెప్పేశారు. ఈ విషయంలో మాత్రం ఆలస్యం జరగలేదని ఒప్పుకోవాలి.

బుట్టలోని పిక్కలను చేతిలోకి తీసుకుని ఆమె కాసేపు తిప్పి చూసింది. కడిగి, ఆరబెట్టి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. చింతపండు కొట్టి, పిక్క తీసి, ఈనె లాగి, సంతలో తూకానికి పెట్టి బతికిన మనిషి ఆమె. అటవీ ఉత్పత్తులు కొనే గిరిజన సహకార సంస్థ పుట్టింది 1956లో, దాని ప్రధాన కార్యాలయం మా ఊళ్లోనే ఉంది. పిక్క తీసిన పండుకు ఒక ధర, తీయని పండుకు ఒక ధర అన్న లెక్క ఆమె పుట్టక ముందు నుంచీ ఆ కొండల్లో ఉంది. అంతటి మనిషికి చింతపిక్కలు ఎలా లెక్కపెట్టాలో ఫెసిలిటేటర్ గారు పది నిమిషాలు వివరించారు. ఐదు అంటే చాలా బాగుంది, ఒకటి అంటే బాగోలేదు అని వేళ్లు ముడిచి చూపించారు.

మొదటి ప్రశ్న, సిబ్బంది మర్యాదగా మాట్లాడతారా. ఐదు వేసింది. రెండోది, శిక్షణలు ఉపయోగపడ్డాయా. కాస్త ఆలోచించి మూడు వేసింది. మూడోది, నిధులు సకాలంలో అందుతున్నాయా. ఐదు పిక్కలు చేతిలోకి తీసుకుని, ఒకటి చార్టు మీద పెట్టి, మిగిలిన నాలుగూ కొంగున ముడి వేసుకుంది.

హాలు నిశ్శబ్దమైంది. మిగతా ఏడు సంస్థలూ అప్పటికే వేసేశాయి. అయిదుగురు ఐదేసి, ఇద్దరు నాలుగేసి పెట్టారు. ఆ ఏడుగురిలో ముగ్గురు ముందు రోజు రాత్రే నాకు ఫోన్ చేసి, రెండో విడత నిధులు మీకేమైనా వచ్చాయా అని అడిగినవారే. వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ పిక్కలు నా చేతిలో ఉండి ఉంటే నాలుగు పెట్టేవాణ్ణి. మొదటి వరుసలోని ఆ కళ్లద్దాల వైపు చూసి, వచ్చే సంవత్సరం ఒప్పందం గుర్తుచేసుకుని, ఇంకొకటి కూడా కలిపి ఐదు చేసేవాణ్ణేమో.

"ప్రశ్న అర్థమైందా అమ్మా?" అని ఫెసిలిటేటర్ గారు నవ్వుతూ అడిగారు. అర్థమైందని ఆమె చెప్పింది. "సకాలంలో అంటే టయానికి రావడం అమ్మా, మొత్తంగా చూసుకుంటే ఎలా ఉంది?" అని మళ్లీ అడిగారు. టయానికి రాలేదు బాబూ, అందుకే ఒకటి అంది. మూడోసారి చార్టు దగ్గరకు వచ్చి, "ఒకటి అంటే బాగోలేదని అర్థం, తెలుసు కదా?" అన్నారు. ఆమె ఇక ఆయనకు జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగి, "ఈ పిక్కలు చివర్న ఎవరు లెక్కపెడతారు సార్?" అని అడిగింది. నాకు నోరు పెగల్లేదు.

తమకు తెలియనిది కాదు గానీ, ఆమె ఎందుకు ఒకటి వేసిందో రికార్డు కోసం చెబుతాను. ఒప్పందం ప్రకారం రెండో విడత జులైలో రావాలి. మొదటి విడత తాలూకు యూసీ, అంటే సొమ్ము వినియోగించినట్టు ధ్రువపత్రం, ఖర్చుల పట్టికలు, ఫొటోలు జూన్‌లోనే పంపాము. జులైలో ఫొటోలకు జియోట్యాగ్, అంటే ఎక్కడ తీశామో చెప్పే గుర్తు, లేదన్నారు. సిగ్నల్ లేని ఊళ్లో తీసిన ఫొటోలవి. మళ్లీ కొండెక్కి, తీసి పంపాము. ఆగస్టులో బడ్జెట్ హెడ్ ఒకటి మారింది, కొత్త ఫార్మాట్‌లో పంపమన్నారు. సెప్టెంబరులో మా ఫైలు చూసే అధికారి మారారు. కొత్తాయన వచ్చి పాత ఫార్మాట్‌లో అడిగారు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, సంక్రాంతి దగ్గరికి వచ్చింది. ఈ ఆరు నెలలూ నలుగురు క్షేత్ర కార్యకర్తలు గౌరవ వేతనం లేకుండా ఊళ్లు తిరిగారు. వారిలో ఒకామె ఆ అధ్యక్షురాలి కోడలు. ఇంట్లో అప్పు ఎవరి దగ్గర చేశారో, వడ్డీ ఎంతో, వాయిదా ఏ సంత రోజున కట్టాలో ఆ అత్తగారికి తెలుసు. మార్చి 31 దాటాక, సొమ్ము ఎందుకు మిగిలిపోయిందని మమ్మల్నే సంజాయిషీ అడుగుతారని, అప్పుడు నో కాస్ట్ ఎక్స్‌టెన్షన్ కోసం, అంటే అదనపు సొమ్ము లేకుండా గడువు పెంచమని, మేమే అర్జీ పెట్టుకోవాలని నాకు తెలుసు. పోయిన ఏడాదీ అదే జరిగింది.

ఆలస్యానికి చట్టమే కారణమని భోజనాల దగ్గర ఎవరో గొణిగారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత విదేశీ విరాళమంతా ముందుగా న్యూఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో దిగాలి. పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకొక సంస్థకు ఇవ్వడం నిషేధమైంది. ఇవన్నీ మా మెడకు చుట్టుకున్న మాట నిజమే, దాని మీద వేరే లేఖ రాయాల్సి ఉంది. కానీ డబ్బు ఢిల్లీలో దిగాలంటే ముందు ఎక్కడో ఒకచోట బయలుదేరాలి కదా. మా విడత ఇంకా ఎవరి టేబుల్ మీదో సంతకం కోసం కూర్చుని ఉంది.

ఇక నివేదిక. పద్నాలుగు పేజీల రంగుల కాగితం, ముఖచిత్రం మీద మా అధ్యక్షురాలు పిక్క పెడుతున్న ఫొటో. తొమ్మిదో పేజీలో సకాలంలో నిధులు అన్న చోట 4.7 అని ఉంది. ఎనిమిదింటినీ కలిపితే 4.25 రావాలి కదా అని కాగితం మీద కూడి చూసుకుని, పేజీ కిందికి దిగితే చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: ఒక ప్రతినిధి ప్రశ్నను సరిగా అర్థం చేసుకోనందున ఆ స్కోరును పరిగణించలేదు. సిఫార్సుల్లో మొదటిది, క్షేత్రస్థాయి ప్రతినిధులకు సామర్థ్యాభివృద్ధి శిక్షణ అవసరం.

అయ్యా, ఇంతవరకూ మర్యాదగా రాశాను. ఆమెకు సామర్థ్యం లేదా? ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చేత పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మండల ప్రజావేదిక మీద మైకు ముందు నిలబడి, పని చేయని పేర్లకు పడిన రోజులను అధికారుల ఎదుట ఒక్కొక్కటిగా చదివిన మనిషి ఆమె. ఈ రాష్ట్రంలో 2006 నుంచి ఊరి జనం చేతనే ఆ తనిఖీలు చేయించారు. తనిఖీ చేసేవారు పని చేయించేవారి కింద ఉండకూడదని 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ పెట్టారు. ఆ చిన్న ఇంగితం కొండ మీద అందరికీ అర్థమైంది. బీచ్ రోడ్డు హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. మార్కులు వేయించుకునేవాడే హాలు అద్దెకు తీసుకున్నాడు, ఫెసిలిటేటరుకు ఫీజు ఇచ్చాడు, మొదటి వరుసలో కూర్చున్నాడు, నచ్చని మార్కును కొట్టేశాడు, నివేదిక అచ్చేశాడు. దీనికి పర్యవేక్షణ అని పేరు. అబద్ధం చెప్పిన ఏడుగురికీ ప్రశ్న బాగా అర్థమైంది, నిజం చెప్పిన ఒక్కదానికీ శిక్షణ కావాలి! ఇది రాసిన చెయ్యి ఎవరిదో గానీ, ఆ చెయ్యి ఒక్క నెల జీతం లేకుండా గడిపి చూడాలి.

ఇంత కోపం తమ మీదే ఎందుకంటే, తమరి చిన్నతనం నాకు తెలుసు. తమరిని పెంచినవారిలో ఒకరైన రాబర్ట్ చాంబర్స్ 1989 నుంచి 1991 దాకా హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పని చేశారు. ఆ తరువాతి సంవత్సరాల్లో మేము కుర్రాళ్లం, ఊరి నడుమ ముగ్గుపిండితో పటం గీయించి, కర్ర పెద్దమనుషుల చేతి నుంచి తీసి వెనక నిలబడ్డవారి చేతికి ఇవ్వడం నేర్చుకున్నాము. ఆ రోజుల్లో చింతపిక్కలు పెట్టింది చదువు రానివారిని వెక్కిరించడానికి కాదు, చదువుకున్నవారు నోరు మూసుకుని వినడానికి. వాన పడని ఏడాది ఒక ముసలామె పిక్కలన్నీ ఒకే గీత మీద కుమ్మరించి లేచి వెళ్లిపోయింది. ఆ గీత అప్పు. ఆ కుప్పను ఎవరం కదపలేదు. ఆ సాయంత్రం తమరంటే నాకు ఏర్పడిన అభిమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. హుద్‌హుద్ తుపాను తరువాత, 2014 అక్టోబరులో, ఊరంతా కరెంటు లేని రాత్రుల్లో కొవ్వొత్తి పెట్టుకుని ముప్ఫై పేజీల అవసరాల అంచనా ఫారాలు నింపినప్పుడు కూడా పోలేదు. ఈ తొమ్మిదో పేజీ చూశాక మాత్రం బాగా తగ్గింది.

దాతల గురించి గ్రాంటు పొందినవారి అభిప్రాయాన్ని పేర్లు బయటపడకుండా వేరే సంస్థ చేత సేకరింపజేసే పద్ధతి అమెరికాలో రెండు దశాబ్దాలుగా ఉంది. అందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. ప్రోగ్రాం అధికారి కుర్చీని హాలు బయట వేస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగానికి ఒక్క వాక్యం చాలు: గత విడత ఏ తేదీన రావాలి, ఏ తేదీన వచ్చింది, ఎందుకు. అది రాయడానికి పిక్కలు కూడా అక్కర్లేదు, దాత కార్యాలయంలోని క్యాలెండరు చాలు.

నివేదికలోని ఆ వాక్యాన్ని ఆమెకు ఫోన్లో చదివి వినిపించాను. దాచడం ధర్మం కాదనిపించింది. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి ఆ నాలుగు పిక్కలు వాళ్లకి తిరిగి ఇచ్చెయ్యాలా సార్?" అని అడిగింది. మొన్న మా కార్యకర్త కొండ దిగి వస్తుంటే కాగితంలో చుట్టి పంపింది. ఆ పొట్లం ఇప్పుడు నా బల్ల సొరుగులో, ఆటో ఖర్చు తిరస్కరించిన వోచరు పక్కన ఉంది. రెండో విడత వచ్చిన రోజున, ఎన్ని నెలలు ఆలస్యమైతే అన్ని తీసివేసి, మిగిలినవి తమ బుట్టలో వేయమని ఆమె మాట. నాలుగులోంచి ఆరు ఎలా తీసివేయాలో ఫార్మాట్ ఉంటే దయచేసి పంపగలరు. యూసీతో జతపరుస్తాము.

ఇట్లు,
తమ విధేయుడు,
పరిగణనలోకి రాని ఒక సంస్థ కార్యదర్శి