జాబిల్లిపై ఇంటికి సీమలో పునాది

2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం చేరువలో చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దిగినప్పుడు దేశమంతా పండుగ చేసుకుంది. రెండు వారాలకు అక్కడ పొద్దు గుంకింది. మళ్లీ తెల్లవారాక, సెప్టెంబరు 22 నుంచి ఇస్రో ఎంత పిలిచినా విక్రమ్ గానీ, దానితో వెళ్లిన రోవర్ ప్రజ్ఞాన్ గానీ పలకలేదు. ఒక్క పగటికి సరిపోయేలా తయారైన యంత్రాలవి, వాటి పని అవి చక్కగా ముగించాయి. మనుషులను పంపి నిలపాలంటే మాత్రం ఆ రాత్రిని దాటక తప్పదు. 1969-72 మధ్య చంద్రుడిపై నడిచిన 12 మందీ అక్కడి పగటి వేళే దిగి, పగలుండగానే తిరిగొచ్చారు. అందరికన్నా ఎక్కువ కాలం ఉన్న అపోలో-17 బృందం గడిపింది 75 గంటలు. అంటే చంద్రుడిపై ఒక్క రాత్రి గడిపిన మనిషి ఇప్పటికీ లేడు. 2035 కల్లా దక్షిణ ధ్రువం వద్ద స్థావరానికి తొలి రూపం ఇస్తామని చైనా, రష్యా చెబుతున్నాయి. 2040 నాటికి భారతీయుడు అక్కడ అడుగుపెట్టాలని మన ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. అక్కడికి చేరే రాకెట్ గురించి జరుగుతున్న చర్చలో నాలుగో వంతైనా అక్కడ బతికే పద్ధతి గురించి జరగడం లేదు. ఆ చర్చలో రాయలసీమకు గట్టి పాత్ర ఉందన్నది ఈ పత్రిక అభిప్రాయం.

రాత్రి సంగతే తీసుకుందాం. చంద్రుడిపై అది మన లెక్కలో దాదాపు 14 రోజులు. ఉష్ణోగ్రత మైనస్ 150 డిగ్రీల దిగువకు జారుతుంది. నలుగురుండే చిన్న స్థావరానికి 10 కిలోవాట్లు చాలనుకున్నా, ఒక్క రాత్రికి 3,300 యూనిట్లకు పైగా కరెంటు దాచుకోవాలి. ఇప్పటి లిథియం బ్యాటరీలతో దాస్తే వాటి బరువే 20 టన్నుల దాకా తేలుతుంది. చంద్రయాన్-3 మొత్తం కలిపి 3,900 కిలోలే! ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకెత్తి, పొద్దుపోయాక కిందికి వదిలి విద్యుత్తు తీసే ప్రాజెక్టు కట్టారు. పొద్దు లేనప్పుడు కరెంటు ఎలాగన్న ప్రశ్నకు ఇక్కడ దొరికిన జవాబు అది. ఎత్తడానికి నీళ్లు లేని చోట, కొన్ని గంటలకు బదులు రెండు వారాల చీకటికి జవాబు వేరే వెతకాలి. అందుకే అమెరికా 2030 నాటికి 100 కిలోవాట్ల అణు రియాక్టరును అక్కడ నిలపాలనుకుంటోంది. ధ్రువం దగ్గర కొన్ని శిఖరాలపై ఏడాదిలో 80 శాతానికి పైగా ఎండ ఉంటుంది గనుక దేశాలన్నీ ఆ కొద్ది చోట్లకే ఎగబడుతున్నాయి.

చీకటి తర్వాత చెప్పుకోవాల్సింది దుమ్ము గురించి. గాలీ వానా లేని నేల కాబట్టి చంద్రుడి మట్టి రేణువుల అంచులు అరగవు. ఉల్కల తాకిడికి నలిగిన ఆ మట్టి పగిలిన గాజు పొడిలా కోస్తుంది. పైగా ఎండ తాకిడికి విద్యుదావేశం పొంది, దొరికిన ప్రతి వస్తువునూ పట్టుకుంటుంది. మూడు రోజులకే అపోలో-17 వ్యోమగాముల చేతితొడుగుల పైపొర అరిగిపోయింది. వారిలో ఒకరైన హారిసన్ ష్మిట్‌కు ఆ దుమ్ముతో ముక్కు దిబ్బడ వేసింది. నెలల తరబడి ఉండేవారి ఊపిరితిత్తులు, తలుపుల సీళ్లు, సౌరఫలకాల గతేమిటి? 2025 మార్చిలో బ్లూ గోస్ట్ ల్యాండర్‌తో వెళ్లిన నాసా పరికరం విద్యుత్ క్షేత్రంతోనే ధూళిని దులిపి చూపింది. నీటి చుక్క అక్కర్లేదు. ఓర్వకల్లు సమీపంలో గని, శకునాల వద్ద 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఫలకాలపై దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది. కడగాలంటే నీళ్లు కావాలి, ఆ నీళ్లకే మనకు కరువు. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో హగరి నది ఇసుక పొలాల మీదికి మేట వేయడం చూసిన రైతులకు ధూళి ఎంత మొండిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. నీరు లేకుండా దుమ్ము దులిపే విద్యను ఇక్కడి తేమకూ మన మట్టికీ సరిపోయేలా మలచడం మన ఇంజనీరింగ్ కళాశాలలు చేయదగ్గ పని.

మూడోది రేడియేషన్. చైనా ల్యాండర్ చాంగే-4 కొలిచిన లెక్క ప్రకారం అక్కడ రోజుకు 1.37 మిల్లీసీవర్టులు, భూమ్మీది కన్నా దాదాపు 200 రెట్లు. కాపాడటానికి గాలి పొరా లేదు, అయస్కాంత క్షేత్రమూ లేదు. మీటర్ల మందాన మట్టి కప్పుకోవాలి, లేదా నేలలోకి దిగాలి. ఎప్పుడో లావా పారి వదిలిన సొరంగం ఒకటి, దాదాపు 1.7 కిలోమీటర్ల పొడవున, చంద్రయాన్-1 చిత్రాల్లో మన శాస్త్రవేత్తలకు కనిపించింది. మరో చోట గుంతల నీడలో ఉష్ణోగ్రత 17 డిగ్రీల చుట్టూ నిలకడగా ఉంటుందని అమెరికా వ్యోమనౌక కొలతలు తేల్చాయి. యూరప్ అంతరిక్ష సంస్థ 2011 నుంచి ఇటలీలోని సార్డీనియా గుహల్లో వ్యోమగాములకు తర్ఫీదు ఇస్తోంది. మూడు కిలోమీటర్లకు పైగా సాగే బెలూం గుహలు మన దగ్గరే ఉన్నాయి. అవి నీరు తొలిచిన సున్నపురాతి గుహలు, జాబిల్లివి లావా సొరంగాలు. అయినా చీకట్లో దారి తీయడం, సిగ్నల్ అందించడం, గాలి ఆడించడం రెండు చోట్లా ఒకే తీరు చిక్కులు. సందర్శకులు వెళ్లని భాగాల్లో, గుహకు హాని కలగకుండా, ఇస్రో ఈ ప్రయోగాలు చేయవచ్చు.

గోడలు దేంతో కట్టాలి? సిమెంటు, ఇటుక మోసుకెళ్లలేం. బెంగళూరు ఐఐఎస్సీ, ఇస్రో శాస్త్రవేత్తలు చంద్రుడి మట్టిని పోలిన మట్టిలో యూరియా, ఒక బ్యాక్టీరియా, గోరుచిక్కుడు గింజల జిగురు కలిపి ఇటుక చేశారు. సీమ మెట్ట చేలల్లో పండే గోరుచిక్కుడే అది. ఆ బ్యాక్టీరియా చంద్రుడిపై పరిస్థితుల్లో బతుకుతుందా అన్నది తేలాల్సి ఉంది. అక్కడి ప్రకంపనలు పది నిమిషాలకు పైగా సాగగలవని అపోలో పరికరాలు నమోదు చేశాయి కాబట్టి గోడలకు ఆ బలమూ కావాలి. ఆరో వంతు గురుత్వంలో ఏళ్ల తరబడి ఉంటే ఎముకలకు ఏమవుతుందో పరీక్షించిన వారు లేరు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష నీరు. నీటి జాడ ఖాయం చేయడంలో మన చంద్రయాన్-1ది చరిత్రాత్మక పాత్ర. 2009 అక్టోబరులో నాసా ఒక రాకెట్ భాగాన్ని కబేయస్ బిలంలోకి పడవేసి, ఎగసిన మట్టిలో బరువు లెక్కన 5.6 శాతం దాకా మంచు ఉందని అంచనా కట్టింది. టన్ను మట్టి తవ్వితే 56 కిలోలన్నమాట. అదీ ఎన్నడూ ఎండ సోకని గోతిలో, యంత్రాల కందెనలు కూడా గడ్డకట్టే చలిలో. ఆ మంచును తవ్వి తీసి నీరు చేసినవారు ఇంతవరకూ లేరు. జపాన్‌తో కలిసి మనం చేపట్టిన చంద్రయాన్-5 ఆ మట్టిని తవ్వి చూడబోతోంది. అంతవరకు వాడిన నీటినే మళ్లీ వాడుకోవాలి. మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన నలుగురికి ఏడాదికి 5,840 లీటర్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రం, చెమట, ఊపిరి తేమతో సహా 98 శాతం నీటిని తిరిగి రాబడుతున్నారు. ఆ లెక్కన ఏడాదికి 117 లీటర్లు మోసుకెళితే చాలు. 90 శాతమే రాబడితే 584 లీటర్లు కావాలి. ఆ ఎనిమిది శాతం తేడాలోనే స్థావరం బతుకు ఉంది.

తాగునీటికే కటకటలాడే జిల్లాల్లో జాబిల్లి మాటెందుకని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. చాలా పల్లెల్లో బోరు నీటిలో ఫ్లోరైడు. అందుకే ఊరూరా ఆర్‌వో ప్లాంటు వెలిసింది. ఆ ప్లాంటు శుద్ధి చేసి ఇచ్చే నీటితో పాటు, ఉప్పు తేలిన నీటిని పెద్ద మొత్తంలో కాలువలోకి వదిలేస్తుంది. ఆ వదిలేసే నీటి నుంచి చివరి చుక్క దాకా ఎలా పిండాలన్నదే అంతరిక్ష కేంద్రంలో సాధించిన విద్య. దాన్ని పల్లె ఖర్చుకు దించగలిగితే ముందు బాగుపడేది బుక్కపట్నం, కదిరి, కళ్యాణదుర్గం పల్లెలే.

లద్దాఖ్‌లోని సో కర్ లోయలో 2025 ఆగస్టులో ఇస్రో తోడ్పాటుతో అంతరిక్ష నివాస నమూనా కేంద్రం పనిచేసింది. చలికి, పలుచని గాలికి ఆ చోటు సరైనది. ఎండకు, ధూళికి, గుహలకు, నీటి పొదుపుకు సీమ సరైనది. రాష్ట్ర ప్రభుత్వం లేపాక్షిలో స్పేస్ సిటీ కడతామంటోంది. భూముల కేటాయింపు, ఉపగ్రహ విడిభాగాల పరిశ్రమలతో అది ఆగిపోకూడదు. మూసిన గదిలో గాలి, నీరు, వ్యర్థాలను తిప్పి వాడే ప్రయోగశాలకు అందులో చోటు ముందే రాసిపెట్టాలి. జేఎన్‌టీయూ అనంతపురం, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలు ట్రిపుల్‌ఐటీడీఎంలను అందులో భాగస్వాములను చేయాలి. అక్కడ తయారయ్యే ప్రతి నీటి శుద్ధి యంత్రాన్నీ ఫ్లోరైడు పల్లెలో ఏడాది పాటు నడిపి చూశాకే ఇస్రో ముందుకు తీసుకెళ్లాలన్న షరతు పెట్టాలి. 2040లో చంద్రుడిపై దిగబోయే తరం ఇప్పుడు పాఠశాలల్లో ఉంది. ఈ ప్రయోగశాలకు స్థలం, తొలి విడత నిధులను వచ్చే రాష్ట్ర బడ్జెట్‌లోనే చూపాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.