ఎదిగే దురలవాటు

అమెరికాలో ఫోస్టర్ కేర్ నుంచి, అంటే కన్నవారి నుంచి వేరుచేసిన పిల్లలను ప్రభుత్వం తాత్కాలికంగా వేరే ఇళ్లలో ఉంచి పెంచే ఏర్పాటు నుంచి, పిల్లలను దత్తత తీసుకోవడం ఏళ్లకేళ్లు సాగుతోందని గోల పెట్టేవారు చాలాకాలంగా అమాయకుల మీద నిందలు మోపుతున్నారు. కొందరు కోర్టులను అంటారు, కొందరు కౌంటీ కార్యాలయాలను అంటారు, ఇంకా నోరున్నవారు చట్టాలనే అంటారు. ఫైళ్లను నిష్పక్షపాతంగా తిరగేసినవారికి అసలు దోషి ఎవరో తెలియడానికి ఎంతోసేపు పట్టదు. ప్రతి ఫైలులోనూ ఒకే నేరం పదేపదే నమోదై ఉంటుంది: బిడ్డ ఎదిగింది. తొందరపాటు అనే మచ్చ పడకుండా ప్రభుత్వ యంత్రాంగం తన పని తాను నిష్ఠగా చేసుకుపోతుండగా, ఈ పిల్లలు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా, ఏ ఫారమూ నింపకుండా, ఏటా ఒక పుట్టినరోజు జరుపుకుంటున్నారు.

ఈ క్రమశిక్షణారాహిత్యం వల్ల దత్తత కోరే దంపతులు ఎంత నష్టపోతున్నారో చూడండి. వారు ముందుగా వేలిముద్రలిస్తారు. 2006 నాటి ఆడమ్ వాల్ష్ చట్టం ప్రకారం గడిచిన ఐదేళ్లలో వారు కాపురమున్న ప్రతి రాష్ట్రంలోనూ, పిల్లలను హింసించినవారి జాబితాలో వారి పేర్లు ఉన్నాయేమో అధికారులు వెతికిస్తారు. ఆ తరువాత శిక్షణ తరగతులు, వైద్యుడి ధ్రువపత్రాలు, స్నేహితుల సిఫారసు లేఖలు, పొగను పసిగట్టే అలారం, తాళం వేసిన మందుల పెట్టె, కుక్కకు వేయించిన టీకాల రసీదు, మీ నాన్న మిమ్మల్ని కొట్టేవాడా అన్న ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానం అన్నీ కలిసి హోమ్ స్టడీ అనే ఉద్గ్రంథం తయారవుతుంది. దాని ఆయుర్దాయం స్వల్పం. చాలా రాష్ట్రాల్లో ఏడాది తిరిగేసరికి దాన్ని మళ్లీ సరిచూసి పునరుద్ధరించుకోవాలి. ఈలోగా మీ ఫైలు చూస్తున్న ఉద్యోగిని, అంటే పాత కేస్ వర్కర్, ఉద్యోగం మానేసి ఉంటుంది కాబట్టి, కొత్తగా వచ్చిన ఆమెకు మీ నాన్న సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. ఈ సోదాలు వద్దనేంత అవివేకిని కాను. ఒకచోట దెబ్బతిన్న బిడ్డను మరొకరి చేతుల్లో పెట్టేముందు ఆ చేతులను తిప్పి చూడవలసిందే. నా అభ్యంతరమల్లా బిడ్డ ప్రవర్తన మీదే. కాగితానికి కాలం చెల్లితే కొత్త కాగితం రాసుకోవచ్చు. ఆరో ఏట ఉండవలసిన బిడ్డ చెప్పాపెట్టకుండా ఎనిమిదో ఏట అడుగుపెడితే, వెనక్కి రప్పించే ఫారమును ఏ శాఖా ఇంకా ముద్రించలేదు.

శాసనకర్తలకు ఈ దురలవాటు తెలియక కాదు. కన్నవారితో బిడ్డను తిరిగి కలపడానికి తగిన ప్రయత్నాలు చేయాలని 1980 నాటి చట్టం చెప్పింది. ఆ ప్రయత్నాలు ముగియకుండానే పిల్లలు పెద్దవాళ్లయిపోతున్నారని గ్రహించి, 1997లో మరో చట్టం గడువు పెట్టింది: చివరి 22 నెలల్లో 15 నెలలు ప్రభుత్వ సంరక్షణలో గడిపిన బిడ్డ విషయంలో కన్నవారి హక్కుల రద్దుకు రాష్ట్రం దావా వేయాలి. గడువన్నాక మినహాయింపులు ఉండాలి కదా. బిడ్డ బంధువుల దగ్గర ఉంటే వేయనక్కరలేదు. వేయకపోవడానికి బలమైన కారణం ఫైలులో రాసి ఉంటే వేయనక్కరలేదు. బిడ్డ సురక్షితంగా ఇల్లు చేరడానికి రాష్ట్రం అందిస్తానన్న సేవలను రాష్ట్రమే సకాలంలో అందించకపోయినా వేయనక్కరలేదు. ఈ మూడోది న్యాయమైనదే, ఎందుకంటే వ్యసనం మాన్పించే చికిత్స కోసం తల్లి వరుసలో నిలబడితే, వరుస కదలనందుకు ఆమె బిడ్డను పోగొట్టుకోకూడదు. కాకపోతే సేవలు అందేలా చూడవలసిందీ, అవి అందలేదని జడ్జికి విన్నవించవలసిందీ ఒకే శాఖ. తన ఆలస్యాన్ని తానే సాక్ష్యంగా ప్రవేశపెట్టుకుని మరికొంత గడువు పొందగల సౌకర్యం ఇంకే కక్షిదారుకూ లేదు.

ఈ వాయిదాల మధ్య ఫోస్టర్ తల్లి మనఃస్థితి కూడా పరిశీలనార్హమే. ఫోస్టర్ కేర్ నుంచి జరిగే దత్తతల్లో సగానికి పైగా అప్పటికే ఆ బిడ్డను పెంచుతున్న ఇళ్లలోనే జరుగుతాయి కాబట్టి, ఆమె ఆశ పెట్టుకోవడం అసహజం కాదు. కన్నతల్లి కోలుకుని బిడ్డను తీసుకువెళ్లడానికి మనస్ఫూర్తిగా సహకరిస్తానని ఆమె ఒప్పుకుని ఉంటుంది. రాత్రిపూట ఆమె కోరుకునేది వేరు. తాను తల్లి కావాలంటే మరో తల్లి ఓడిపోవాలని తెలిసి కూడా, ఆ మరో తల్లిని కలిసే రోజున బిడ్డకు తల దువ్వి, ఉతికిన బట్టలు తొడిగి, కారెక్కించి స్వయంగా దింపి వస్తుంది. ఇలా నలిగిపోయే పెద్దలను ఓదార్చడానికి సహాయక బృందాలున్నాయి, సలహాదారులున్నారు. వారానికోసారి గంటసేపు ఒక అమ్మనూ, మిగిలిన వారమంతా ఇంకో అమ్మనూ చూసుకునే బిడ్డ విషయానికొస్తే, ఆ బిడ్డ కనీస సానుభూతి కూడా చూపకుండా పోయిన నెల కొన్న బూట్లను ఇరుకు చేసుకుని కూర్చుంటుంది.

బిడ్డను తీసుకుంటామనే పిన్నో బాబాయో పక్క రాష్ట్రంలో ఉంటే, బిడ్డను రాష్ట్రం దాటించడానికి రాష్ట్రాలు చేసుకున్న అంతర్రాష్ట్ర ఒప్పందం రంగంలోకి దిగుతుంది. అవతలి రాష్ట్రం 60 రోజుల్లో ఇల్లు పరిశీలించి నివేదిక పంపాలని 2006లో ఇంకో చట్టం చేశారు. అరవై రోజులు అనేది ఉదాత్తమైన సంఖ్య అని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

పిల్లల తప్పిదాలు వయసుతో ఆగవు. దత్తత తీసుకునేవారికి ప్రభుత్వమిచ్చే దత్తత సహాయం లెక్కల్లో ‘ప్రత్యేక అవసరాలు’ అంటే అనారోగ్యమో వైకల్యమో మాత్రమే అనుకునేరు. వయసు మీరడం కూడా ప్రత్యేక అవసరమే. ఎంతకు మీరినట్టో రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది. తోబుట్టువులు ఉండడం కూడా ప్రత్యేక అవసరమే. అన్న చెయ్యి వదలనని మొండికేసే చెల్లెలు, తెలియకుండానే తానూ ఒక కేటగిరీలో చేరి, అన్ననూ అందులో చేరుస్తుంది. 2022లో దత్తత కోసం ఎదురుచూస్తున్నవారు లక్షకు పైగా ఉన్నారు, వారి సగటు వయసు ఎనిమిదేళ్ల దరిదాపు. ఇటు దరఖాస్తుదారులలో అనేకులు కోరేది పసిబిడ్డను, అదీ గతమంటూ ఏమీ లేని పసిబిడ్డను. ఎలాంటి బిడ్డను స్వీకరించగలరో చెప్పమని వారికిచ్చే పత్రంలో పక్క తడపడం, అబద్ధాలాడడం, తిండి దాచుకోవడం, నిప్పుతో ఆడడం వంటి అంశాల ఎదురుగా అవును, కాదు, ఆలోచిస్తాం అనే గళ్లుంటాయి. ఎంతో హృదయవైశాల్యం గల మనుషులు కూడా ‘ఆలోచిస్తాం’ దగ్గర కలం ఆపి చాలాసేపు ఆలోచిస్తారు.

ఈ పరిస్థితిలో ఆశాజనకంగా కనిపించేది ఫోటో ఒక్కటే. ఎదురుచూసే పిల్లల చిత్రాలను మంచి ఫోటోగ్రాఫర్ల చేత తీయించి ప్రదర్శించే పద్ధతి 2001లో న్యూమెక్సికోలో మొదలై దేశమంతా పాకింది. వ్యవస్థకు విధేయుడైన బిడ్డ ఎలా ఉండాలో ఆ ఫోటోను చూసి నేర్చుకోవచ్చు. ముందుపళ్లు ఊడిన నవ్వుతో వాడు ఆరేళ్ల దగ్గరే ఆగిపోయి, ఎన్ని వాయిదాలు పడినా కదలకుండా ఉంటాడు. ఫోటోలో ఉన్న అసలు కుర్రవాడికి ఈపాటికి గొంతు మారింది. అంతటితో ఆగాడా? దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ 10, 12 లేదా 14 ఏళ్లు నిండిన బిడ్డ సమ్మతి ఉంటేనే దత్తత సాగుతుంది గనుక, ఇన్నేళ్లు అందరి సంతకాల కోసం ఎదురుచూసిన వాడి సంతకం కోసం ఇప్పుడు అందరూ ఎదురుచూడాలి. కొందరు వద్దనేస్తారు కూడా. ఇంతమంది ఇన్ని కాగితాలు రాసిన తరువాత ఆ మాట అనడానికి నోరెలా వస్తుందో!

కనుక నేను చేసే సూచనలు మితమైనవి. బిడ్డ సంరక్షణలోకి వచ్చిన రోజునే ఎదుగుదల మీద కోర్టు స్టే ఇవ్వాలి. పుట్టినరోజు జరుపుకోదలచిన పిల్లలు ముందస్తుగా దరఖాస్తు పెట్టుకుని, తమ వయసు పెరగడం వల్ల ఏ ధ్రువపత్రానికీ కాలం చెల్లదని హామీ ఇవ్వాలి. పాలపళ్లు ఊడినట్టయితే సంబంధిత కేస్ వర్కర్‌కు, ఆమె ఉద్యోగం మానేసి ఉంటే తరువాతి కేస్ వర్కర్‌కు, లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఎవరిని అమ్మ అని పిలవాలన్న ప్రశ్నను తుది విచారణ వరకు వాయిదా వేయాలి.

ఈ సంస్కరణలు పద్దెనిమిదో పుట్టినరోజుకు, పొడిగింపు ఉన్న రాష్ట్రాల్లో ఇరవై ఒకటో పుట్టినరోజుకు, వర్తించనక్కరలేదు. ఆ విషయంలో శాఖ పనితీరు ఇప్పటికే నిర్దుష్టంగా ఉంది. ఏ కుటుంబమూ ఖాయం కాకుండానే వయసు నిండి 2022లో బయటికి వెళ్లినవారు 18,000 పైచిలుకు. ఆ తేదీకి వాయిదా లేదు, మినహాయింపు కోసం రాసే బలమైన కారణం లేదు, సంతకం చేయవలసినవారు సెలవులో ఉన్నారన్న మాట లేదు. ఫైలు ఆ రోజునే మూసేస్తారు.